కావలియర్ డాగ్ షోల్లో కప్పు కొట్టిన కుక్క కన్నా ముసలి కుక్కకే ఎక్కువ చప్పట్లు.. ఎందుకో తెలుసా?

రింగ్‌లోకి పదేళ్ల కుక్క ఒకటి తోక ఊపుకుంటూ వస్తుంది. మూతి దగ్గర బొచ్చు నెరిసి ఉంటుంది. నడక కూడా కాస్త నెమ్మదించి ఉంటుంది. అయినా చుట్టూ కూర్చున్నవాళ్లంతా చప్పట్లు మొదలుపెడతారు. అప్పటివరకూ ఒకరితో ఒకరు పోటీ పడ్డవాళ్లు కూడా ఆ కుక్క ఒక రౌండ్ పూర్తి చేసేదాకా ఆపరు.

కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతి షోల్లో వెటరన్ క్లాస్ అంటే ఇదీ సందడి. బయటివాళ్లకు వింతగా అనిపించొచ్చు. కానీ ఈ జాతి చరిత్ర, దీన్ని వెంటాడుతున్న గుండె జబ్బు గురించి తెలిస్తే ఆ చప్పట్ల వెనక ఉన్న కారణం అర్థమవుతుంది. ఆ వివరాలేంటో ఇప్పుడు చూద్దాం..

ఒక్క చూపులో కావలియర్

* పుట్టిల్లు: బ్రిటన్
* రకం: టాయ్ గ్రూప్, అంటే ఒళ్లో పెట్టుకునే చిన్న కుక్కల వర్గం
* బరువు: సుమారు 5.4 నుంచి 8 కిలోలు
* రంగులు: నాలుగే
* ప్రత్యేక జాతిగా గుర్తింపు: బ్రిటన్‌లో 1945, అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లో 1995
* ప్రధాన సమస్యలు: గుండె కవాటం జబ్బు, పుర్రె-వెన్నుపాము జబ్బు

నాలుగు రంగులు.. నాలుగు పేర్లు

తెలుపు మీద ఎర్రటి గోధుమరంగు మచ్చలుంటే బ్లెన్‌హీమ్. నలుపు, తెలుపు, గోధుమ మూడూ కలిస్తే ట్రైకలర్. ఒళ్లంతా ముదురు ఎరుపైతే రూబీ. నల్లటి ఒంటి మీద కనుబొమల దగ్గర, బుగ్గల మీద, కాళ్ల మీద గోధుమరంగు ఉంటే బ్లాక్ అండ్ టాన్. ఈ నాలుగు కాకుండా ఐదో రంగును ప్రమాణం ఒప్పుకోదు.

పెద్ద గుండ్రటి కళ్లు, జాలువారే చెవులు, ఎప్పుడూ ఊగే తోక.. ఇవే దీని గుర్తులు. కొత్తవాళ్లను చూసి అరవడం కన్నా వెళ్లి ఒళ్లో ఎక్కడమే దీనికి ఎక్కువ ఇష్టం. అందుకే దీన్ని కాపలా కుక్క అనుకుని తెచ్చుకుంటే ఉపయోగం లేదు.

రాజుగారి ఒళ్లో కుక్క

పేరులోని చార్లెస్ ఎవరంటే.. 1660 నుంచి 1685 దాకా ఇంగ్లండ్‌ను ఏలిన రెండో చార్లెస్. ఆయనకు చిన్న స్పానియల్స్ అంటే ప్రాణం. రాచకార్యాలు పక్కనపెట్టి కుక్కలతో ఆడుకుంటున్నాడని ఆ కాలపు అధికారి శామ్యూల్ పీప్స్ తన డైరీలో విసుక్కున్నాడు కూడా. ఈ జాతి కుక్కలను పార్లమెంటు సహా ఎక్కడికైనా రానివ్వాలని రాజు చట్టం చేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే అలాంటి చట్టానికి ఆధారమేమీ దొరకలేదు.

బ్లెన్‌హీమ్ అనే రంగు పేరు వెనకా ఒక కథ ఉంది. 1704లో జరిగిన బ్లెన్‌హీమ్ యుద్ధంలో మార్ల్‌బరో డ్యూక్ గెలిచాడు. ఆ గెలుపు పేరుతోనే ఆయన కోట వెలిసింది. ఆ కోటలో పెంచిన ఎరుపు-తెలుపు కుక్కలకు అదే పేరు వచ్చింది. యుద్ధం కబురు కోసం ఎదురుచూస్తూ డ్యూక్ భార్య, చూలుతో ఉన్న కుక్క నెత్తి మీద బొటనవేలితో అదే పనిగా నొక్కిందట. దానికి పుట్టిన పిల్లలన్నిటికీ నడినెత్తిన ఎర్రటి చుక్క వచ్చిందట. ఇది కట్టుకథే అయినా, ఆ చుక్క ఉన్న బ్లెన్‌హీమ్‌ను చూస్తే షో అభిమానులకు ఇప్పటికీ ముచ్చటే.

విక్టోరియా రాణి చిన్నప్పుడు పెంచుకున్న డాష్ కూడా ఈ కుటుంబంలోదే. కానీ ఆమె కాలంలోనే ఫ్యాషన్ మారింది. గుండ్రటి తల, చప్పిడి ముక్కు ఉన్న కుక్కలకు గిరాకీ పెరిగింది. షోల్లో బహుమతులూ వాటికే. పెంచేవాళ్లు అటే మళ్లారు. అలా తయారైంది కింగ్ చార్లెస్ స్పానియల్ అనే వేరే జాతి. పాత చిత్రాల్లో కనిపించే పొడుగు మూతి కుక్క మాత్రం దాదాపు కనుమరుగైంది.

చరిత్ర మార్చిన 25 పౌండ్లు

ఇక్కడే అసలు మలుపు. న్యూయార్క్‌కు చెందిన రోస్‌వెల్ ఎల్డ్రిడ్జ్ అనే పెద్దమనిషి పాత తరహా స్పానియల్ కోసం ఇంగ్లండ్‌లో వెతికాడు. ఎక్కడ చూసినా చప్పిడి ముక్కులే. దాంతో 1926లో లండన్ క్రఫ్ట్స్ డాగ్ షోలో ఒక ప్రకటన ఇప్పించాడు. రెండో చార్లెస్ కాలం నాటి చిత్రాల్లో ఉన్నట్టు పొడుగు మూతి, చదునైన తల, నడినెత్తిన చుక్క ఉన్న బ్లెన్‌హీమ్ కుక్కను తెస్తే బహుమతి. మగ కుక్కకు 25 పౌండ్లు, ఆడ కుక్కకు 25 పౌండ్లు.

మొదట్లో చాలామంది బ్రీడర్లు దీన్ని పట్టించుకోలేదు. ఎన్నో తరాలు కష్టపడి తగ్గించిన ముక్కును మళ్లీ పెంచమంటాడేంటని చిరాకు పడ్డారు. పోటీకి వచ్చిన కుక్కలు తక్కువే. కానీ కొందరు మాత్రం తమ దగ్గర 'పనికిరావు' అని పక్కన పెట్టిన పొడుగు మూతి పిల్లలను బయటికి తీశారు.

1928లో మోస్టిన్ వాకర్ అనే మహిళ తెచ్చిన ఆన్స్ సన్ అనే కుక్క ఆ బహుమతి గెలిచింది. ఆ గెలుపు చూసే అదృష్టం ఎల్డ్రిడ్జ్‌కు దక్కలేదు. షోకు సుమారు నెల ముందే ఆయన కన్నుమూశాడు.

అదే షో సమయంలో క్లబ్ పుట్టింది. ఎమిస్ పిట్ అనే బ్రీడర్ ముందుండి నడిపించారు. మొదటి సమావేశంలో ఆన్స్ సన్‌ను బల్ల మీద నిలబెట్టారు. సభ్యులు తెచ్చిన 16, 17, 18 శతాబ్దాల చిత్రాల నకళ్లు పక్కన పెట్టుకున్నారు. రెండూ చూసి, జాతి ప్రమాణం రాశారు. అప్పుడే ఒక గట్టి నియమం కూడా పెట్టుకున్నారు. ఈ కుక్కకు కత్తెర తగలకూడదు, ఫ్యాషన్ పేరుతో దీని రూపం మార్చకూడదు అని.

రెండో ప్రపంచ యుద్ధం ఈ పనిని దాదాపు తుడిచిపెట్టింది. తిండి కరువైంది. 60 కుక్కలున్న ఒక పెద్ద కెన్నెల్‌లో చివరికి మూడే మిగిలాయి. అయినా 1945లో బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ కావలియర్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. 1948లో డేవెల్ రోజర్ ఈ జాతికి తొలి ఛాంపియన్ అయింది. 1973లో అలన్స్‌మియర్ అక్వేరియస్ అనే కావలియర్ ఏకంగా క్రఫ్ట్స్ బెస్ట్ ఇన్ షో కొట్టేసింది. దాంతో జనంలో గిరాకీ అమాంతం పెరిగింది. 1985లో వైట్ హౌస్‌లో నాన్సీ రీగన్ దగ్గరికి చేరిన రెక్స్ కూడా కావలియరే.

ఈ మొత్తం కథలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. బహుమతి దేనికిస్తే, కుక్క అలా తయారవుతుంది. విక్టోరియా కాలం బహుమతులు ముక్కును చప్పిడి చేశాయి. ఎల్డ్రిడ్జ్ బహుమతి దాన్ని మళ్లీ పొడుగు చేసింది. ఇప్పుడు ఈ జాతి ముందున్న ప్రశ్న కూడా ఇదే.

షో రింగ్‌లో ఏం జరుగుతుంది?

చిన్న కుక్క కాబట్టి ముందు బల్ల మీద నిలబెడతారు. జడ్జి పళ్లు, కళ్లు, తల ఆకారం, భుజాలు, వెన్ను చేత్తో తడిమి చూస్తారు. తర్వాత హ్యాండ్లర్ కుక్కను రింగ్‌లో త్రికోణంలో ఒకసారి, నిటారుగా వెళ్లి వెనక్కి ఒకసారి నడిపిస్తారు. నడక తేలిగ్గా ఉందా, కాళ్లు తిన్నగా పడుతున్నాయా అనేది అక్కడ తేలుతుంది. చేతిలో ఉడికించిన చికెనో, లివర్ ముక్కో ఉంటే కుక్క కళ్లు అక్కడే ఉంటాయి. తోక ఊపుతూ హుషారుగా ఉన్న కుక్కకే మార్కులు. బిక్కచచ్చిపోయి నిలబడితే ఎంత అందగత్తె అయినా వెనకబడినట్టే.

తయారీ కూడా సింపులే. ముందు రోజు స్నానం, ఆరబెట్టడం, దువ్వడం. చెవుల మీద, కాళ్ల మీద, తోక మీద వేలాడే బొచ్చును కత్తిరించకూడదు. అమెరికాలో అయితే పాదం కింద మెత్తల మధ్య పెరిగిన బొచ్చు మాత్రం తీసేయొచ్చు. అంతకుమించి కత్తెర వాడినట్టు తెలిస్తే జడ్జి గట్టిగా మార్కులు కోసేస్తారు. దాదాపు వందేళ్ల కిందట తీసుకున్న నిర్ణయం ఇప్పటికీ అమల్లో ఉందన్నమాట.

ఛాంపియన్ అంటే ఎవరు?

* బ్రిటన్‌లో: ఛాలెంజ్ సర్టిఫికెట్లు మూడు రావాలి. ముగ్గురు వేర్వేరు జడ్జిలు ఇవ్వాలి. అందులో కనీసం ఒకటి కుక్కకు ఏడాది నిండాక రావాలి.
* అమెరికాలో: మొత్తం 15 పాయింట్లు కావాలి. వాటిలో మూడు అంతకన్నా ఎక్కువ పాయింట్లు ఇచ్చే పెద్ద గెలుపులు రెండు ఉండాలి. అవి వేర్వేరు జడ్జిల దగ్గర రావాలి.

జాతిలో గెలిచిన కుక్క టాయ్ గ్రూప్‌కు వెళ్తుంది. అక్కడ గెలిస్తే బెస్ట్ ఇన్ షో బరిలోకి దిగుతుంది. 1891లో మొదలైన క్రఫ్ట్స్ ఇప్పుడు ప్రతి ఏటా మార్చిలో బర్మింగ్‌హామ్‌లో నాలుగు రోజులు జరుగుతుంది.

ఏయే వార్తలకు సంబరం?

కావలియర్ షో కుటుంబాల్లో పండగ చేసుకునే వార్తలు కొన్ని ఉంటాయి. మొదటిది కొత్త ఛాంపియన్. మూడో సర్టిఫికెట్ వచ్చిన రోజు రింగ్ పక్కనే కేక్ కోస్తారు, ఫొటోలు దిగుతారు. రెండోది కొత్త ఈత. ఎన్ని పిల్లలు, ఏ రంగు, బ్లెన్‌హీమ్ అయితే నెత్తిన చుక్క ఉందా.. ఈ కబుర్లకు అంతుండదు. మూడోది మొదటిసారి రింగ్‌లో దిగిన పిల్ల. ఆరు నెలలు నిండితేనే పోటీకి అర్హత. పట్టీ కొరుక్కుంటూ, జడ్జి షూ లేసు లాగుతూ అది చేసే అల్లరికే సగం చప్పట్లు.

ఇక నాలుగో వార్త.. మిగతా జాతుల వాళ్లకు మామూలుగా అనిపించేది, వీళ్లకు మాత్రం గొప్పగా వినిపించేది. "ఈ ఏడాది కూడా గుండె క్లియర్" అన్న డాక్టర్ మాట. ఏడేళ్లు దాటిన కుక్క వెటరన్ క్లాసులో నడుస్తున్నప్పుడు, దాని గుండె చప్పుడులో తేడా లేదని తెలిస్తే, ఆ కుక్క తల్లిదండ్రుల పేర్లు కూడా అక్కడున్నవాళ్లు రాసుకుంటారు. ఎందుకంటే..

గుండె.. అసలు చిక్కు ఇక్కడే

కావలియర్‌లను ఎక్కువగా బలితీసుకునేది మైట్రల్ వాల్వ్ జబ్బు. గుండె ఎడమ వైపున పై గదికీ కింది గదికీ మధ్య ఒక కవాటం ఉంటుంది. తలుపులా మూసుకుని రక్తం వెనక్కి రాకుండా ఆపడం దాని పని. ఈ జబ్బులో ఆ తలుపు మందమై, వంకర పోయి సరిగా మూసుకోదు. రక్తం వెనక్కి చిమ్ముతుంది. స్టెతస్కోప్‌లో 'లబ్ డబ్' మధ్య బుస్సుమన్న శబ్దం వినిపిస్తుంది. దీన్నే మర్మర్ అంటారు. కాలం గడిచేకొద్దీ గుండె పెద్దదై, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ముసలితనంలో ఈ జబ్బు చాలా చిన్న జాతి కుక్కలకు వస్తుంది. కావలియర్‌కు మాత్రం చాలా ముందే వస్తుంది. ఐదేళ్లు వచ్చేసరికి దాదాపు సగం కుక్కల్లో మర్మర్ కనిపిస్తుంది. పదేళ్లకు దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. అందుకే గుండె చక్కగా ఉన్న పదేళ్ల కుక్క నడిచొస్తే అందరూ అంతగా మురిసిపోతారు.

రెండో సమస్య తలలో. మెదడుకు సరిపడా చోటు పుర్రె వెనక భాగంలో ఉండదు. దాంతో మెదడు-వెన్నుపాము చుట్టూ తిరగాల్సిన ద్రవం దారి తప్పి, వెన్నుపాములో నీటి బుడగల్లాంటి ఖాళీలు ఏర్పడతాయి. ఈ జబ్బు పేరు సిరింగోమైలియా. కొన్ని కుక్కల్లో ఏ లక్షణాలూ ఉండవు. కొన్ని మాత్రం మెడ ముట్టుకుంటే కుయ్యోమంటాయి, నడుస్తూ నడుస్తూ గాల్లోనే మెడ గోక్కుంటున్నట్టు కాలు ఆడిస్తాయి. పైకి ఏ లక్షణాలూ లేవని యజమానులు చెప్పిన 555 కావలియర్‌లకు ఎంఆర్ఐ తీసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఏడాది వయసు వాటిలో 25 శాతం, ఆరేళ్లు దాటినవాటిలో 70 శాతం కుక్కలకు ఈ ఖాళీలు కనిపించాయి.

కారణం ఏంటి? చాలా కొద్ది కుక్కల నుంచి ఈ జాతి మళ్లీ మొదలైంది. యుద్ధంలో ఆ కొద్దీ మరింత తగ్గాయి. తర్వాత గెలిచిన మగ కుక్కలనే పదేపదే వాడారు. 2021లో స్వీడన్ పరిశోధకులు ఎనిమిది జాతుల జన్యువులను పోల్చి చూశారు. హాని చేసే జన్యు మార్పులు కావలియర్‌లోనే ఎక్కువగా పేరుకున్నాయని తేల్చారు.

టీవీలో దుమారం.. కోర్టులో తీర్పు

2008 ఆగస్టులో బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ బ్రిటన్‌ను కుదిపేసింది. సిరింగోమైలియా ఉందని తేలాక కూడా షోల్లో గెలిచిన ఒక కావలియర్‌ను సంతానం కోసం వాడారని అందులో చూపించారు. ఆ తర్వాత బీబీసీ క్రఫ్ట్స్ ప్రసారం మానేసింది. కెన్నెల్ క్లబ్ అన్ని జాతుల ప్రమాణాలనూ మళ్లీ పరిశీలించింది. 2012లో పశువైద్యుల సంఘంతో కలిసి ఎంఆర్ఐ స్కాన్‌లకు గ్రేడ్లు ఇచ్చే పథకం మొదలైంది.

నార్వేలో ఇంకో అడుగు ముందుకు పడింది. జంతు సంక్షేమ సంఘం ఒకటి కేసు వేసింది. 2022 జనవరిలో ఓస్లో జిల్లా కోర్టు ఇంగ్లిష్ బుల్‌డాగ్‌తో పాటు కావలియర్‌ల పెంపకం కూడా చట్టవిరుద్ధమని చెప్పింది. అప్పీల్‌లో బుల్‌డాగ్‌కు ఊరట దక్కింది, కావలియర్‌కు దక్కలేదు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. ఇళ్లలో ఉన్న కుక్కలకు ఈ తీర్పుతో ఇబ్బంది లేదు. జబ్బులు వారసత్వంగా వస్తాయని తెలిసీ ఇప్పటిలాగే పిల్లలను పుట్టించడం కుదరదన్నదే దాని సారం. వేరే జాతితో శాస్త్రీయంగా సంకరం చేసే దారిని మాత్రం కోర్టులు మూసేయలేదు.

ఇక్కడే కావలియర్ ప్రేమికులు రెండుగా చీలిపోయారు. సంకరం చేస్తే ఇది కావలియరే కాదు, పరీక్షలు చేసి మంచి కుక్కలను ఎంచుకుంటే చాలు అంటారు ఒకరు. మంచి కుక్కలు అసలు మిగిలుంటే కదా ఎంచుకోవడానికి అంటారు ఇంకొకరు. ఇద్దరూ కుక్క మీద ప్రేమతోనే మాట్లాడుతున్నారు. అందుకే గొడవ ఇంత ఘాటుగా ఉంటుంది.

డెన్మార్క్ చెప్పిన పాఠం

పరీక్షలతో ఫలితం ఉంటుందా అంటే.. డెన్మార్క్ లెక్కలు చూడాల్సిందే. అక్కడి కెన్నెల్ క్లబ్ 2002 నుంచి కావలియర్‌ల గుండె పరీక్షను తప్పనిసరి చేసింది. స్టెతస్కోప్‌తో పాటు ఎకో స్కాన్ కూడా తీస్తారు. పాసైతేనే పిల్లలకు కాగితాలు. ఎనిమిది నుంచి పదేళ్ల తర్వాత చూస్తే, ఈ పథకంలో పుట్టిన కుక్కలకు కవాటం జబ్బు ముప్పు 73 శాతం తగ్గిందని 2016లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

చాలా దేశాల గుండె డాక్టర్లు చెప్పే సూత్రం కూడా ఒకటుంది. రెండున్నరేళ్లు నిండకుండా కుక్కను జత కట్టించొద్దు. దాని తల్లిదండ్రులకు ఐదేళ్ల వయసులో మర్మర్ లేదని తేలాలి. సూత్రం చిన్నదే, ఆచరణే కష్టం. ఏడాదిన్నరకే ఛాంపియన్ అయిన మగ కుక్క కోసం బ్రీడర్లు క్యూ కడుతుంటే, ఇంకో ఏడాది ఆగమనడం అందరివల్లా కాదు.

జబ్బు మొదలైన కుక్కలకూ ఆశ ఉంది. గుండె పెరిగినా ఇంకా లక్షణాలు బయటపడని దశలో పిమోబెండాన్ అనే మందు వాడితే హార్ట్ ఫెయిల్యూర్ సుమారు 15 నెలలు వెనక్కి జరుగుతుందని 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం తేల్చింది. అందుకే ఏటా గుండె పరీక్ష చేయించడం ముఖ్యం.

కొనాలనుకునే తెలుగువాళ్లు ఏం అడగాలి?

హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడినా.. సినిమాలు, రీల్స్ చూసి కావలియర్ మీద మనసు పడేవాళ్లు ఈ ప్రశ్నలు అడిగాకే డబ్బు చేతికివ్వడం మంచిది.

* తల్లీతండ్రీ వయసెంత? గుండె పరీక్ష ఎప్పుడు, ఎవరు చేశారు? రిపోర్ట్ చూపిస్తారా?
* తాత, అమ్మమ్మ కుక్కలు బతికే ఉన్నాయా? ఎన్నేళ్లు బతికాయి?
* ఎంఆర్ఐ తీయించారా? గ్రేడ్ ఎంత?
* కళ్లు ఎండిపోయి బొచ్చు ముడతపడే జబ్బుకు, ఉన్నట్టుండి బిగుసుకుపోయి పడిపోయే జబ్బుకు డీఎన్ఏ పరీక్షలున్నాయి. అవి చేయించారా?
* పిల్లను తల్లితో పాటు చూడొచ్చా?

చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే కాగితం కుక్క వంశం చెబుతుంది, గుండె సంగతి కాదు. ఛాంపియన్ పిల్ల అని ఎక్కువ ధర చెప్పేవాళ్లు గుండె రిపోర్ట్ అడిగితే మాట దాటేస్తున్నారంటే అక్కడితో ఆపేయడమే మేలు. మన ఎండల్లో ఇంత బొచ్చు కుక్కకు చల్లటి నీడ, పొద్దున్నే నడక తప్పనిసరి. బరువు పెరగనివ్వకూడదు.

చప్పట్లు ఎవరికి?

ఒకప్పుడు 25 పౌండ్ల బహుమతి పొడుగు మూతి కుక్కను తిరిగి తెచ్చింది. అప్పటికి అది అసాధ్యమనుకున్నారు. కొన్నేళ్లలోనే సాధ్యమైంది. ఇప్పుడు కావాల్సింది పొడుగు ఆయుష్షు. మూతిని కళ్లతో చూసి ఎంచుకోవచ్చు, గుండెను మాత్రం వినాలి, ఏళ్ల తరబడి ఆగాలి. తేడా అంతే.

నెరిసిన మూతితో వెటరన్ రింగ్‌లో నడిచే ఆ కుక్కకు ఇచ్చే రోజెట్ చిన్నదే. కానీ దాని సంతానం కోసం ఎంతమంది ఎదురుచూస్తారన్న దాని మీదే ఈ జాతి భవిష్యత్తు ఆధారపడి ఉంది. ఆ చప్పట్లు రింగ్ దగ్గరే ఆగిపోకుండా బ్రీడర్ల ఎంపిక దాకా వెళ్తే, ఇంకో పాతికేళ్లకు పదేళ్ల కావలియర్ నడిచొస్తే ఎవరూ లేచి నిలబడాల్సిన పనుండదు. ఆ రోజు రావాలనే ఈ షో కుటుంబాల్లో చాలామంది కోరుకుంటున్నారు.